చుక్క మేత సంచి ఖాళీ అయ్యేదాకా

సోమవారం సాయంత్రం

పేరు చుక్క. మూడో ఏడు నడుస్తున్న పెట్ట. బాగున్నప్పటి బరువు 1,900 గ్రాములు. ఇవాళ తూకం 1,540.

నెలకోసారి కోళ్లన్నిటినీ తూచి పుస్తకంలో రాసుకుంటానని ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఈకలు ఉబ్బించి కూర్చున్న కోడి బొద్దుగానే కనిపిస్తుంది. లోపల ఎంత మిగిలిందో కంటికి తెలీదు. చేతిలోకి తీసుకుని రొమ్ము మీద వేలు పెడితే ఎముక అంచు నేరుగా తగిలింది. రెండు పక్కలా కండ కరిగి గుంటలు పడ్డాయి. ఇది నిన్న మొన్న మొదలైన జబ్బు కాదు.

కోడి జబ్బును దాచుకుంటుంది. నీరసపడినదాన్ని గుంపులో మిగతావి పొడుస్తాయి, పైన తిరిగే గద్దకీ అదే ముందు కనిపిస్తుంది. అందుకని ఓపిక ఉన్నంతవరకు అందరితో పాటు తింటున్నట్టే నటిస్తుంది. చుక్క కూడా దాణా దగ్గరికి వచ్చింది. కాసేపు నిలబడి చూస్తే అర్థమైంది: గింజను ముక్కుతో పట్టుకుంటోంది, వదిలేస్తోంది. మింగడం లేదు.

పరీక్షించి రాసుకున్నవి ఇవి. తురాయి రంగు తగ్గింది, అంచులు మాత్రం నీలం కాలేదు. కళ్లు, ముక్కు పొడిగా ఉన్నాయి, గురక లేదు. కాళ్లు చల్లగా ఉన్నాయి కానీ రెండూ సమానంగా నిలబడుతున్నాయి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ అనే, కాళ్లు పడిపోయే వైరస్ జబ్బు అనుకోవాలి, అది కాదు. మెడ మెలిక పడలేదు. గుడ్డు ఇరుక్కుందేమోనని పొట్ట కింద తడిమాను. గట్టిగా ఏమీ తగల్లేదు, ముక్కడం కూడా లేదు. రెట్ట కొంచెమే, ఆకుపచ్చగా, చుట్టూ తెల్లటి నీళ్లతో. ఆకుపచ్చ రెట్ట చూస్తే చాలామంది హడలిపోతారు. చాలాసార్లు దానర్థం కడుపులోకి మేత పోవట్లేదని, పైత్యరసం ఒక్కటే దిగుతోందని.

చివరికి మేత సంచి. మెడ మొదట్లో, కోడికి కుడివైపు ఉండే తిత్తి. నిండుగా ఉంది. సాయంత్రం నిండుగా ఉండటం మామూలే, కాబట్టి ఇప్పుడు దాన్నిబట్టి ఏమీ తేల్చలేను. రాత్రంతా మేత పెట్టకుండా ఉంచి పొద్దున మళ్లీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కోడికి తెల్లారేసరికి అది ఖాళీ అయిపోతుంది.

మిగతా కోళ్లన్నీ చురుగ్గా ఉన్నాయి. రెండు మూడు ఒకేసారి పడిపోయినా, హఠాత్తుగా చచ్చిపోయినా ఈ డైరీ ఇక్కడే ఆగేది. బర్డ్ ఫ్లూ, కొక్కెర తెగులు లాంటివాటికి ఇంటి వైద్యం పనికిరాదు. ముట్టుకోవడం మానేసి పశువైద్య శాఖకు ఫోన్ చేయడమే పని.

సోమవారం రాత్రి

ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత. మందు ఎప్పుడంటే, జబ్బేంటో తెలిశాక. ఈ వరస మారిస్తే కోడి జబ్బుతో కాదు, మన సేవతో పోతుంది.

వెచ్చదనం ముందు ఎందుకంటే, కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మనకైతే అది ప్రాణం మీదికొచ్చే జ్వరం. ఆ వేడిని నిలబెట్టుకోవడానికి మేత కాల్చాలి. మేత పోనప్పుడు కండే కాలుతుంది. చుట్టూ గాలి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు తగ్గుతుంది. పైగా చల్లబడిన కోడికి పేగులు సరిగా కదలవు, అప్పుడు నోట్లో ఏం పోసినా పైనే నిలిచిపోతుంది.

లోపలి గదిలో పెద్ద అట్టపెట్టె పెట్టి, అడుగున పాత తువ్వాలు, దాని మీద తెల్లకాగితం పరిచాను. రెట్ట రంగు కనపడాలంటే తెల్లకాగితమే మేలు. పెట్టెలో ఒక మూల మాత్రమే వేడి తగిలేలా హీటర్ పెట్టి థర్మామీటర్ వేలాడదీశాను. 28, 29 డిగ్రీల దగ్గర నిలిచింది. రెండో మూల చల్లగా వదిలేశాను. వేడి ఎక్కువైతే అదే పక్కకి జరుగుతుంది. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి రొప్పితే వేడి తగ్గించాలి.

గంట తర్వాత ఈకల ఉబ్బు కొంచెం తగ్గింది. అప్పుడు నీళ్లు. ఓఆర్ఎస్ కలిపి గోరువెచ్చగా చేసి, డ్రాపర్‌తో ముక్కు పక్కన ఒక్కో చుక్క వదిలాను. ముక్కు తెరిచి లోపల పోయకూడదు. కోడికి గాలి గొట్టం ద్వారం నాలుక వెనకే, తెరుచుకుని ఉంటుంది. ఒక్క గుక్క అటు పోతే ఊపిరితిత్తుల్లోకే. ముక్కు అంచున చుక్క ఆగితే అదే నాలుకతో లాక్కుని తల ఎత్తి మింగుతుంది. మింగిందాకా ఆగి ఇంకో చుక్క. ఓపిక పరీక్షించే పని.

పట్టుకునే తీరు కూడా ముఖ్యం. కోడికి మనకున్నట్టు ఊపిరి ఆడించే ఉదరవితానం (డయాఫ్రం) లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే గాలి ఆడుతుంది. తువ్వాల్లో గట్టిగా చుట్టి గుండెలకు హత్తుకుంటే, ప్రేమగానే ఊపిరాడకుండా చేసినట్టు. రెక్కలు కొట్టుకోకుండా ఆగేంత మాత్రమే వదులుగా చుట్టి, రొమ్ము ఖాళీగా వదలాలి.

మంగళవారం ఉదయం

మేత సంచి రాత్రి ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. మెత్తగా, లోపల నీళ్లు కదులుతున్నట్టు, మధ్యలో ఏదో ఉండలా తగులుతోంది. నోటి దగ్గర పులిసిన వాసన. సంచి నిలిచిపోయింది, లోపలున్నది పులిసిపోయింది.

పక్కింటి బాబాయ్ గోడ మీంచి చూసి, "తలకిందులుగా పట్టుకుని పిండేయ్‌రా, అంతా బయటికొచ్చేస్తుంది" అన్నారు. వచ్చేస్తుంది నిజమే. వచ్చేటప్పుడు సగం గాలి గొట్టంలోకి వెళ్లే ప్రమాదమూ అంతే నిజం. అలా నిమిషంలో పోయిన కోళ్లున్నాయి. ఆయన రెండో సలహా యాంటీబయాటిక్. పులిసిన వాసన చాలాసార్లు కాండిడా అనే ఈస్ట్ పెరగడం వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ ఈస్ట్‌ని చంపదు, దానికి అడ్డుగా ఉన్న మంచి బాక్టీరియాని చంపుతుంది. మూడో సలహా కాక్సిడియోసిస్‌కి, అంటే పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే రక్తపారుడుకి, వాడే ఆంప్రోలియం. ఆంప్రోలియం మంచి మందే, కానీ అది పనిచేసే తీరు వేరు. బి1 విటమిన్ రూపంలో ఉండి ఆ పరాన్నజీవిని మోసం చేస్తుంది. నీరసంగా ఉందని అదే నీళ్లలో బి విటమిన్ టానిక్ కూడా కలిపితే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. జబ్బు తెలీకుండా మూడు మందులు కలిపి పోయడం కన్నా ఒక పూట ఆగి పరీక్ష చేయించడం మేలని చెప్పాను. బాబాయ్‌కి నచ్చలేదు. అయినా బండి మీద అట్టపెట్టె పట్టుకుని వెనకాల కూర్చున్నది ఆయనే.

తాజా రెట్ట ఒక డబ్బాలో తీసుకున్నాం.

మంగళవారం మధ్యాహ్నం

డాక్టరుగారు మెత్తటి గొట్టం వేసి సంచిలోది బయటికి తీశారు. 110 మిల్లీలీటర్ల దాకా పుల్లటి ద్రవం, దాంతో పాటు చిక్కుపడిన గడ్డి పోచలు. వేలంత పొడవు పోచలు ఒకదానికొకటి మెలిపడి ఉన్నాయి. పెరడు గడ్డి ఎత్తుగా పెరిగాక కోసి, కోసినది అక్కడే వదిలితే కోళ్లు పొడవాటి పోచల్ని అలాగే మింగేస్తాయి. వాటికి పళ్లు లేవు కదా. నూరే పని కందనకాయది, అక్కడిదాకా వెళ్లాలంటే ముందు సంచి దాటాలి.

ఒక చుక్క ద్రవం సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించారు. మొగ్గలు తొడిగిన గుండ్రటి కణాలు. ఈస్టే. రెట్టలో ఏలికపాముల గుడ్లు కూడా కనిపించాయి. రక్తపారుడు లేదు. కాబట్టి బాబాయ్ మందులు రెండూ అనవసరం.

"గడ్డి వల్ల ఆగిందా, ఆగినందువల్ల గడ్డి పేరుకుందా అన్నది ఇప్పుడే చెప్పలేం" అన్నారు డాక్టరుగారు. సంచి ఆగిపోవడం చాలాసార్లు ఇంకో జబ్బుకి లక్షణం. కింద పేగుల్లో పురుగులు, కడుపులో గుడ్డు సొన చేరి వాపు, మింగిన ఇనుప ముక్క, సీసం విషం, ఏదైనా కావచ్చు. ఎక్స్‌రేలో లోహం లేదు. పొట్టలో నీరు లేదు. పురుగుల్ని అనుమానించవచ్చు.

మందు నిస్టాటిన్. అది రక్తంలోకి పోదు, ఈస్ట్‌కి నేరుగా తగిలితేనే పని చేస్తుంది. అందుకే ఖాళీ సంచిలో, మేతకి ముందు వేయాలి. పురుగుల మందు ఇప్పుడు వద్దన్నారు. సంచి కదలనప్పుడు వేస్తే అదీ పైనే ఉండిపోతుంది. ఓఆర్ఎస్ కూడా ఈ రాత్రికి ఆపి మామూలు నీళ్లకి మారమన్నారు, తీపి ఈస్ట్‌కి మేత.

సంచి ఖాళీ చేశాక తూకం 1,420. పుస్తకంలో ఈ అంకె పక్కన గీత గీశాను. నిన్నటి 1,540లో పుల్లటి నీళ్ల బరువు కూడా ఉంది. ఇకనుంచి పొద్దున ఖాళీ సంచితో తూచిందే లెక్క.

బుధవారం

1,425. గొట్టంతో పోషించడం నిన్న డాక్టరుగారే దగ్గరుండి నేర్పించారు. నేను చేస్తుంటే చూసి, సరిగా వచ్చిందన్నాకే పంపారు. చూసి నేర్చుకోకుండా చదివి చేసే పని కాదిది. అయినా నా కోసం రాసుకుంటున్నాను.

ముక్కు నుంచి సంచి దాకా గొట్టాన్ని పైన పెట్టి కొలిచి గుర్తు పెట్టాలి. అమ్మ తువ్వాల్లో పట్టుకుంటుంది, మెడ పైకి నిటారుగా చాపాలి. ముక్కు తెరిచాక నాలుక వెనక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించే చీలిక గాలి గొట్టానిది. దాన్ని వదిలేసి, కోడికి కుడివైపున నోటి పక్కనుంచి గొట్టాన్ని జార్చాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే తోయకుండా వెనక్కి తీయాలి. లోపలికి వెళ్లాక మెడ మీద వేళ్లతో తడిమితే రెండు గొట్టాలు విడివిడిగా తగలాలి: రింగులు రింగులుగా గట్టిగా ఉండేది గాలి గొట్టం, నున్నగా ఉండేది మనం వేసింది. రెండూ తగిలితేనే సిరంజి నొక్కాలి. నోట్లోకి ద్రవం ఎగదన్నితే వెంటనే ఆపి, గొట్టం తీసేసి, తల వదిలేయాలి. అదే విదిలించుకుంటుంది.

ఎంత పోయాలంటే, కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు పై హద్దు అనుకోమన్నారు. ఇవాళ 15తోనే మొదలు, అదీ వట్టి నీళ్లు. సంచి దించుకుందని చూశాక డాక్టరుగారు ఇచ్చిన పొడి ఆహారం పల్చగా కలిపి. వేడి 39, 40 డిగ్రీలు. చల్లగా ఉంటే సంచి కదలదు, ఎక్కువైతే లోపల కాలుతుంది. మైక్రోవేవ్‌లో వెచ్చ చేస్తే ఒకచోట చల్లగా, ఒకచోట మరుగుతూ ఉంటుంది, అందుకే వేడినీళ్ల గిన్నెలో కప్పు పెట్టి వెచ్చ చేస్తున్నాం.

పోసే ప్రతిసారీ ముందు సంచి తడమాలి. పాతది దిగకపోతే కొత్తది పోయకూడదు. మధ్యాహ్నం ఒకసారి అలాగే మానేశాం. ఆకలితో ఉన్న ప్రాణికి పెట్టకుండా ఆగడం ఎంత కష్టమో అమ్మని అడగాలి. "ఒక్క గింజ కూడా వద్దంటావేంట్రా, అది తినడానికేగా పుట్టింది" అని నా మీద విసుక్కుంది.

గురువారం

1,405. తగ్గింది. రెట్ట ఇంకా ఆకుపచ్చే. తల రెక్కలో పెట్టుకుని కునుకుతోంది. రాత్రి నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది.

అమ్మ పొద్దున్నే అంది: "దాన్ని బాధ పెడుతున్నామేమోరా. వదిలేద్దామా?" ఆ ప్రశ్న నాలోనూ ఉంది. కానీ అప్పటికప్పుడు మనసుని అడిగితే ఒక రోజు ఒకలా, ఇంకో రోజు ఇంకోలా చెబుతుంది. అందుకే ముందే హద్దులు రాసి ఫ్రిజ్ మీద అంటించాం. బరువు 1,350 కన్నా కిందికి పోయినా, నోరు తెరిచి ఊపిరి తీసినా, తల నిలపలేకపోయినా, శనివారం పొద్దునకి కూడా సంచి ఖాళీ కాకపోయినా, డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లి నొప్పి లేకుండా సాగనంపమని అడుగుతాం. ఈ నాలుగిట్లో ఒక్కటీ జరగనంతవరకు రోజూ ఈ వాదన పెట్టుకోం. అమ్మ చదివి, "సరే, 1,350" అంది.

రాసేశాక మనసు తేలికపడింది. చేయాల్సిన పని ఒక్కటే మిగిలింది కాబట్టి.

రోజువారీ పని వరస కూడా మార్చాం. ముందు బయటి కోళ్ల పని, చివర్లో చుక్క పని. చుక్క దగ్గర వేరే చెప్పులు, వేరే గిన్నెలు. చేతులు సబ్బుతో కడుక్కోవడం అందరికీ వర్తిస్తుంది, పిల్లలకి మరీను. బాగున్న కోళ్ల రెట్టలో కూడా మనకి విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. గొట్టం, సిరంజి, మేత కలిపే కప్పు వంటగది సింక్‌లో కడగటం లేదు.

సాయంత్రం సంచి వేళ్లకి కొంచెం వదులుగా తగిలింది. నా ఆశే అలా అనిపిస్తోందేమోనని అమ్మ చేత కూడా తడిమించాను. "ఊ, తగ్గింది" అంది, అంతకన్నా ఎక్కువ చెప్పలేదు.

శుక్రవారం

తెల్లవారుజామున సంచి ఖాళీ! చర్మం వదులుగా వేళ్ల మధ్య మడత పడింది. బరువు 1,410. అయిదు గ్రాములే పెరిగింది, అది తూకం యంత్రం తేడా కూడా కావచ్చు. కానీ కాగితం మీద గోధుమరంగు రెట్ట ఉంది, మీద తెల్లటి టోపీతో. ఇంత సంతోషంగా రెట్టని ఫోటో తీసిన మనిషి ఈ వీధిలో ఇంకెవరూ ఉండరు.

గిన్నెలో నీళ్లు తనే తాగింది. గొట్టం మేత 30 మిల్లీలీటర్లకి పెంచాం.

శని, ఆదివారాలు

1,430, తర్వాత 1,455. రెండు రోజులూ పొద్దున సంచి ఖాళీనే. దాణా నీళ్లలో నానబెట్టి మెత్తగా పెట్టాం, ఉడికిన గుడ్డు పచ్చసొన నలిపి కొంచెం. గుడ్డు పెడితే కోడి గుడ్లు తినడం అలవాటు చేసుకుంటుందంటారు కానీ, ఉడికించి నలిపిన సొనకీ, గూట్లో గుడ్డుకీ అది ముడిపెట్టడం నేనైతే చూడలేదు. రొట్టె, తీపి, ఆకుకూర, గింజలు ఏవీ లేవు. తనంతట తాను తినే కొద్దీ గొట్టం మేత తగ్గిస్తూ ఆదివారం సాయంత్రానికి ఆపేశాం. హీటర్ కూడా రోజుకి కొంచెం తగ్గిస్తున్నాను. ఒక్కసారిగా తీసేస్తే మళ్లీ వెనక్కి పోతుంది.

ఫ్రిజ్ మీద కాగితం అమ్మ తీసేసింది.

తర్వాతి వారం

1,560. పురుగుల మందు మొదటి విడత ఇప్పుడు పడింది. కాగితం మీద తెల్లటి పొడుగాటి పురుగులు కనిపించాయి, ఊహించినన్ని కాదు. మిగతా కోళ్లకి కూడా అదే రోజు మందు వేశాం. ఏలికపాముల గుడ్లు నేలలో నెలల తరబడి బతుకుతాయి కాబట్టి ఒక్కదానికి వేస్తే లాభం లేదు. పెరట్లో అవి ఎక్కువగా గీకే చోటుని కంచె కట్టి కొన్నాళ్లు ఖాళీగా వదిలాను.

గడ్డి ఇక పొట్టిగా ఉన్నప్పుడే కోయాలి, కోసినది వెంటనే ఎత్తేయాలి. చిన్న రాళ్ల గిన్నె ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంచాలి. కందనకాయకి తిరగలి రాళ్లు అవే. గుడ్డు పెంకుకోసం పెట్టే గవ్వల పొడి లోపల కరిగిపోతుంది, అది రాళ్ల పని చేయదు.

గుంపులోకి పంపడం జబ్బు కన్నా చిరాకైన పని. వారం పైగా కనపడని కోడిని మిగతావి కొత్తదానిలాగే చూస్తాయి. ముందు గూడు పక్కనే వల అడ్డం పెట్టి ఉంచాం, చూసుకోవడమే తప్ప పొడుచుకోవడం ఉండదు. తర్వాత గుంపులో అన్నిటికన్నా సాధువైన పెట్టని చుక్క పక్కకి తెచ్చాం. ఆ రెండూ కలిశాక రెండిటినీ పొద్దుపోయాక గూట్లోకి వదిలాం. ఎర్రపెట్ట రెండు రోజులు తల మీద పొడిచింది, రక్తం రాలేదు కాబట్టి జోక్యం చేసుకోలేదు. మేత, నీళ్లు రెండేసి చోట్ల పెట్టడం మాత్రం పనికొచ్చింది. ఒకచోట తరిమితే ఇంకోచోట తింటుంది.

ఇప్పటి పరిస్థితి

1,690. ఇంకా 210 గ్రాములు రావాలి. మేత సంచి సాగిపోయింది, నిండినప్పుడు కొంచెం కిందికి వేలాడుతోంది. కండ మళ్లీ పూర్తిగా బిగుస్తుందని డాక్టరుగారు హామీ ఇవ్వలేదు, మళ్లీ ఆగిపోయే అవకాశం ఉందన్నారు. అందుకని రోజూ గూడు తలుపు తీయగానే, మేత వేయకముందే, చుక్క మెడ కింద చెయ్యి పెట్టి చూస్తున్నాం. దానికిది నచ్చదు. నా చేతి మీద పొడుస్తోంది, ఓపిక వచ్చిందన్నమాట.

పాత ఈకలు రాలి కొత్తవి మొలుస్తున్నాయి, ఇంకా గుడ్లు పెట్టడం లేదు. పెట్టినా, మందు గుడ్డులోకి దిగుతుంది కాబట్టి, డాక్టరుగారు రాసిచ్చిన తేదీ దాటేదాకా తినం, అమ్మం, పారేస్తాం. పురుగుల మందు రెండో విడత బాకీ ఉంది, దాని తర్వాత రెట్ట పరీక్ష మళ్లీ చేయించాలి. ఈసారి డబ్బా బాబాయ్ పట్టుకుంటానన్నారు.